ప్రశ్న లోపల ఎంపిక, ఎంపిక పక్కన వివరణ: కంప్యూటర్‌కి ఒక్కసారి చెబితే చాలు

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు ఇంటర్ కాలేజీల కోసం ఏడాది పొడుగునా ప్రశ్నల బుక్‌లెట్లు అచ్చవుతూనే ఉంటాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో ఏ బుక్‌లెట్ తిరగేసినా కొన్ని తప్పులు పదేపదే కంటపడతాయి. ముప్ఫై ఏడో ప్రశ్న తర్వాత మళ్లీ ఒకటి మొదలవుతుంది. ప్రశ్న కుడి పేజీ అడుగున ఉంటే, నాలుగు ఎంపికలూ పేజీ తిప్పాక గానీ దొరకవు. మూడో ఎంపిక జరిగి రెండోదానికి అతుక్కుపోతుంది. వీటికి ప్రశ్న రాసిన లెక్చరర్‌నో, అచ్చు వేసిన ప్రెస్సునో తప్పుపట్టి లాభం లేదు. ఏది ప్రశ్నో, ఏది దాని లోపలి ఎంపికో, ఏది వివరణో కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. ట్యాబ్ కొట్టి, స్పేస్‌బార్ నొక్కి, కంటికి సరిగ్గా కనిపించేదాకా సర్దారంతే. ఫాంట్ సైజు ఒక పాయింటు మారితే ఆ సర్దుడంతా చెదిరిపోతుంది.

ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్నే తీసుకోండి. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు చొప్పున 640 ఎంపికలు. ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఉండాలి. అన్ని ముక్కల్నీ చేత్తో సర్దే పనిలో తప్పు దొర్లకుండా ఉండదు. ఒక ప్రశ్న తీసేసి ఇంకోటి పెట్టిన ప్రతిసారీ ఆ కింద ఉన్నవన్నీ మళ్లీ చూసుకోవాలి.

ఈ పనికి డబ్బు కట్టక్కర్లేని మంచి సాధనం లిక్స్. 1995లో మథియాస్ ఎట్రిష్ మొదలుపెట్టిన డాక్యుమెంట్ ఎడిటర్ ఇది. వెనకాల లేటెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ పనిచేస్తుంది, ముందు మామూలు వర్డ్ ప్రాసెసర్‌లా టైపు చేసుకోవచ్చు. దానితో వచ్చే జాబితాలు, ఉల్లేఖనాలు మాత్రమే కాకుండా మన పనికి తగిన పేరా రకాల్ని లేఅవుట్ ఫైల్లో మనమే తయారు చేసుకోవచ్చు, ఒకదాని లోపల ఒకటి ఉండేలా. లెక్చరర్లకూ డీటీపీ వాళ్లకూ ఈ సంగతి తెలిస్తే సగం చాకిరీ తగ్గుతుందని ఈ ఉత్తరం. కింద వచ్చే ఆదేశాల పేర్లన్నీ ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాశాం. ఫైల్లో మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి.

లేఅవుట్ ఫైలు అంటే ఉత్త టెక్స్ట్ ఫైలు. అందులో 'స్టైల్' అనే మాటతో మొదలై 'ఎండ్' అనే మాటతో ముగిసే ప్రతి ముక్కా ఒక పేరా రకం. కొత్తవాళ్లు తడబడేదంతా ఇక్కడే: ప్రతి ముక్కలోనూ రెండు రకాల వరసలుంటాయి. లెఫ్ట్‌మార్జిన్, లేబుల్‌టైప్, లేబుల్‌స్ట్రింగ్, లేబుల్‌ఫాంట్ లాంటివి తెర మీద ఎలా కనిపించాలో చెప్పేవి. లేటెక్స్‌టైప్, లేటెక్స్‌నేమ్, ప్రియాంబుల్ (అసలు పాఠం మొదలవకముందు లేటెక్‌కి నిర్వచనాలు ఇచ్చే చోటు) అనేవి పీడీఎఫ్‌లో ఏం రావాలో చెప్పేవి. ఒకదానికీ ఇంకోదానికీ లంకె లేదు. లెఫ్ట్‌మార్జిన్‌లో మూడు 'ఎమ్'లు రాస్తే తెర మీద ఆ మూడక్షరాల వెడల్పు ఖాళీ వస్తుంది, కాగితం మీద వెంట్రుకవాసి కూడా జరగదు. లేబుల్‌స్ట్రింగ్‌లో 'వివరణ' అని రాస్తే తెర మీద కనిపిస్తుంది, పీడీఎఫ్‌లో కనిపించదు. కాగితం మీద కావాలంటే ప్రియాంబుల్‌లో ఆ పరిసరాన్ని (ఎన్విరాన్‌మెంట్, అంటే బిగిన్, ఎండ్ ఆదేశాల మధ్య ఉండే భాగాన్ని) నిర్వచించే చోట ఆ మాట మళ్లీ రాయాలి. తెర మీద అంతా బాగుండి పీడీఎఫ్ పాడైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

మొదట మాడ్యూల్ ఫైలు (ఏ డాక్యుమెంట్‌కైనా జోడించుకోగల విడి లేఅవుట్ ఫైలు) జోలికి పోకుండా డాక్యుమెంట్ మెనూలో సెట్టింగ్స్, అందులో లోకల్ లేఅవుట్ తెరవండి. అక్కడ ఉన్న పెట్టెలో స్టైల్ రాసి, వ్యాలిడేట్ బటన్ నొక్కితే వ్యాకరణం సరిగ్గా ఉందో లేదో లిక్సే చెబుతుంది. ప్రశ్న కోసం రాయాల్సినది ఇంతే:

స్టైల్ ప్రశ్న
కాపీస్టైల్ ఎన్యూమరేట్
లేటెక్స్‌నేమ్ ప్రశ్నలు
రిక్వైర్స్ ఎన్యూమ్‌ఐటమ్
ప్రియాంబుల్
(ఇక్కడ న్యూలిస్ట్, సెట్‌లిస్ట్ వరసలు)
ఎండ్‌ప్రియాంబుల్
ఎండ్

కాపీస్టైల్ వరస మొదటిదిగానే ఉండాలి. ఎన్యూమరేట్ (అంకెలు వేసే మామూలు జాబితా) గుణాలన్నీ అది మూకుమ్మడిగా తెచ్చి పోస్తుంది కాబట్టి, దానికి పైన మీరు రాసుకున్నవన్నీ కొట్టుకుపోతాయి. లేటెక్స్‌టైప్ మళ్లీ రాయక్కర్లేదు, ఎన్యూమరేట్ నుంచి 'ఐటమ్_ఎన్విరాన్‌మెంట్' అన్నది దానితోపాటే వస్తుంది. లేటెక్స్‌నేమ్‌కి ఇంగ్లిషు చిన్న అక్షరాలు తప్ప అంకెలు, గీతలు, ఖాళీలు వద్దు.

రిక్వైర్స్ వరసలోని ఎన్యూమ్‌ఐటమ్ అన్నది జాబితాల రూపం మార్చే లేటెక్ ప్యాకేజీ, అంటే అదనపు ఆదేశాల మూట. దాని ఆదేశాలు రెండు ప్రియాంబుల్ లోపల రాయాలి. న్యూలిస్ట్ అనే ఆదేశానికి మూడు విషయాలు ఇవ్వాలి: జాబితా పేరు, దాని జాతి, అది తనలో తాను ఎన్ని మెట్లు దిగవచ్చో. జాతి ఎన్యూమరేట్, మెట్లు ఒకటి. సెట్‌లిస్ట్ ఆదేశంలో అంకె రూపం చెప్పాలి. ఈ రెండోది మర్చిపోతే 'అన్‌డిఫైన్డ్ లేబుల్' అనే తప్పు వస్తుంది. కొత్తగా పుట్టిన జాబితాకి అంకె ఎలా ఉండాలో తెలియదు కదా. 'వాక్యం ఒకటి, వాక్యం రెండు, వీటిలో ఏవి సరైనవి' తరహా ప్రశ్నలకు ఇదే స్టైల్‌ని లోపల కూడా వాడదలిస్తే మెట్లు రెండు ఇచ్చి, రెండో మెట్టు అంకె రూపం కూడా చెప్పాలి. లేకపోతే 'టూ డీప్లీ నెస్టెడ్' అని ఆగిపోతుంది. మొత్తం మీద జాబితాలన్నీ కలిపి లేటెక్ ఆరు మెట్ల దాకానే ఒప్పుకుంటుంది, మామూలు ఎన్యూమరేట్ అయితే నాలుగే. ప్రశ్నపత్రానికి మూడు మెట్లు దాటితే చదివే పిల్లవాడికే తికమక, కాబట్టి ఆ హద్దు అసలు అడ్డే కాదు.

స్టైల్ లోపల రాసిన ప్రియాంబుల్ ఆ స్టైల్‌ని డాక్యుమెంట్‌లో ఒక్కచోటైనా వాడితేనే బయటికి వెళుతుంది. వాడినా వాడకున్నా వెళ్లాలంటే స్టైల్ బయట 'యాడ్‌టుప్రియాంబుల్' రాయాలి.

ఇక లేటెక్స్‌టైప్ విషయం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. 'ఎన్విరాన్‌మెంట్' అంటే వరసగా ఉన్న ఒకే రకం పేరాలన్నిటికీ కలిపి ఒక బిగిన్, ఒక ఎండ్. 'ఐటమ్_ఎన్విరాన్‌మెంట్' అన్నా అంతే గానీ ప్రతి పేరా ముందు ఒక ఐటమ్ ఆదేశం కూడా చేరుతుంది. 'కమాండ్' అంటే శీర్షిక లాంటిది, దాని లోపల మరేదీ ఇమడదు. జాబితాగా నిర్వచించిన దానికి పొరపాటున ఉత్త ఎన్విరాన్‌మెంట్ అని రాస్తే, లేటెక్ 'సమ్‌థింగ్స్ రాంగ్, పర్‌హాప్స్ ఎ మిస్సింగ్ ఐటమ్' అని వెంటనే ఆగుతుంది. ఆగింది కాబట్టి దిద్దుకుంటాం. దీనికి తిరగబడ్డ తప్పు అంత మంచిది కాదు. వివరణ లాంటి జాబితా కాని పరిసరానికి ఐటమ్_ఎన్విరాన్‌మెంట్ అని రాశారనుకోండి. బయట ఒంటరిగా ఉన్నప్పుడు 'లోన్లీ ఐటమ్' అని తప్పు చూపిస్తుంది. ప్రశ్న లోపల పెట్టినప్పుడు మాత్రం ఏ తప్పూ చూపించదు. ఆ ఐటమ్ తన చుట్టూ ఉన్న ప్రశ్నల జాబితాకి చెందినదే అనుకుని, వివరణకి తర్వాతి ప్రశ్న నంబరు వేసేస్తుంది. పన్నెండో ప్రశ్న వివరణ పదమూడు అవుతుంది, అసలు పదమూడో ప్రశ్న పద్నాలుగు అవుతుంది. జవాబుల కీ మొత్తం పక్కదారి పడుతుంది. తప్పు చూపించలేదని పీడీఎఫ్ నేరుగా ప్రెస్సుకి పంపకుండా, చివరి ప్రశ్న నంబరు 160 అయిందో లేదో ఒకసారి చూస్తే ఇది దొరికిపోతుంది.

వివరణ స్టైల్‌కి లేటెక్స్‌టైప్ ఎన్విరాన్‌మెంట్, లేబుల్‌టైప్ స్టాటిక్, లేబుల్‌స్ట్రింగ్ 'వివరణ:' అని ఇవ్వండి. వివరణ నాలుగు పేరాలున్నా తెర మీద లేబుల్ మొదటిదానికే కనిపిస్తుంది.

ఎంపికలకి రెండు స్టైల్స్ విడివిడిగా పెట్టుకోవడం మేలు. పొడుగు ఎంపికలు ఒకదాని కింద ఒకటి రావాలి, వాటికి ప్రశ్నలాగే ఎన్యూమ్‌ఐటమ్ జాబితా సరిపోతుంది. అంకె బ్రాకెట్లలో వచ్చేలా లేబుల్ ఇవ్వండి. దాని సెట్‌లిస్ట్‌లో 'బిగిన్‌పెనాల్టీ' (జాబితా మొదట్లో పేజీ విరిచేందుకు వేసే జరిమానా) విలువ 10000 పెట్టడం మరవొద్దు. లేటెక్ తన సహజ స్వభావం కొద్దీ జాబితా మొదలయ్యే చోట పేజీ విరవడానికే మొగ్గు చూపుతుంది, అక్కడ దాని పెనాల్టీ రుణ సంఖ్య. లేటెక్‌లో ప్రశ్న ఒక పేజీలో, ఎంపికలు ఇంకో పేజీలో పడటానికి అసలు కారణం ఇదే. 10000 అంటే ఇక్కడ విరవనే వద్దని. ఎంపికల నడుమ కూడా విరగకూడదంటే 'మిడ్‌పెనాల్టీ'కీ అదే విలువ.

రెండు మూడక్షరాల పొట్టి ఎంపికలు రెండేసి, నాలుగేసి ఒక వరసలో రావాలి. దీనికి టాస్క్స్ అనే ప్యాకేజీ ఉంది. లేటెక్స్‌నేమ్ టాస్క్స్ అని ఇచ్చి, 'ఐటమ్‌కమాండ్ టాస్క్' అనే వరస కలపాలి. ఈ ప్యాకేజీలో ప్రతి ఎంపిక ముందు ఐటమ్ బదులు టాస్క్ అనే ఆదేశం ఉంటుంది గనక ఆ వరస మర్చిపోతే ఎంపికలు విడివడవు. నిలువు వరసలు ఎన్నో చెప్పే సంఖ్య చదరపు బ్రాకెట్లలో కాక గుండ్రటి బ్రాకెట్లలో పోవాలి. కాబట్టి ఆర్గ్యుమెంట్ 1 (ఆర్గ్యుమెంట్ అంటే ఆదేశానికి అందించే విలువ) అని ఒక ముక్క రాసి, అందులో లెఫ్ట్‌డెలిమ్, రైట్‌డెలిమ్ వరసల్లో ఆ గుండ్రటి బ్రాకెట్లు ఇవ్వాలి. ఆర్గ్యుమెంట్‌కి లేబుల్‌స్ట్రింగ్‌గా 'వరసలెన్ని' అని తెలుగులో రాస్తే టైపు చేసేవాళ్లకి ఇన్సర్ట్ మెనూలో అదే పేరుతో కనిపిస్తుంది. ఐటమ్‌కమాండ్ సదుపాయం లిక్స్ 2.1 వెర్షన్ నుంచే ఉంది.

ఒకదాని లోపలికి ఇంకోటి దింపడం ఎలా? ఎంపిక పేరాలో కర్సర్ ఉంచి ఆల్ట్, షిఫ్ట్, కుడి బాణం కలిపి నొక్కాలి. బయటికి రావాలంటే ఎడమ బాణం. ప్రశ్నకి తెలుగు అనువాదం రాసేటప్పుడు ఎంటర్ కొట్టి ప్రశ్న స్టైల్‌లోనే రాస్తే దానికి కొత్త నంబరు పడుతుంది. స్టాండర్డ్ స్టైల్‌కి మార్చి, ఒక మెట్టు లోపలికి దింపాలి. మార్చి వదిలేసి దింపకపోతే ఇంకా చిక్కు. బయటి స్టాండర్డ్ పేరా తగలగానే ప్రశ్నల జాబితా అక్కడితో ముగిసిపోయి, తర్వాతి ప్రశ్న ఒకటి నుంచి మొదలవుతుంది. మొదట్లో చెప్పిన 'ముప్ఫై ఏడు తర్వాత ఒకటి' లిక్స్‌లో కనిపిస్తే కారణం చాలావరకు ఈ దింపని పేరాయే. జతపరచండి ప్రశ్నల్లో పట్టికకీ ఇదే పద్ధతి: దింపిన స్టాండర్డ్ పేరాలో పట్టిక.

2024లో వచ్చిన లిక్స్ 2.4 వెర్షన్‌లో ఈ దింపుడు శ్రమ కూడా తగ్గింది. ప్రశ్న స్టైల్‌లో 'ఆటోనెస్ట్స్', 'ఎండ్‌ఆటోనెస్ట్స్' అనే రెండు వరసల మధ్య ఎంపిక, వివరణ స్టైల్స్ పేర్లు కామాలతో రాస్తే, ప్రశ్న తర్వాత వచ్చిన ఎంపిక తనంతట తనే లోపలికి దిగుతుంది. బాణాలు గుర్తుపెట్టుకోలేని చోట, ఒకే బుక్‌లెట్‌ని నలుగురు టైపు చేసే చోట ఇది చాలా అక్కరకొస్తుంది. పాత వెర్షన్లకి ఈ మాట తెలియదు కాబట్టి అందరి దగ్గరా 2.4 ఉందని రూఢి చేసుకున్నాకే వాడండి.

గణితం అయ్యాక ఫిజిక్స్ అనే శీర్షిక పెడితే జాబితా తెగక తప్పదు, శీర్షిక కమాండ్ జాతిది. అందుకే ప్రశ్న స్టైల్‌కి కూడా ఒక ఆర్గ్యుమెంట్ ఇచ్చుకుని, ఫిజిక్స్ మొదటి ప్రశ్నలో స్టార్ట్ విలువ 81, కెమిస్ట్రీ మొదటి ప్రశ్నలో 121 అని ఇవ్వాలి. ప్రశ్నల సంఖ్య మారే అవకాశం ఉంటే స్టార్ట్ బదులు 'రెజ్యూమ్' అన్న మాట చాలు, ఆగిన చోటు నుంచి లెక్క సాగుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, దీని ఫలితం పిల్లల బుక్‌లెట్ తీసేటప్పుడు తెలుస్తుంది. వివరణలన్నీ ఒకే పేరున్న పరిసరంలో ఉన్నాయి కాబట్టి, డాక్యుమెంట్ ప్రియాంబుల్‌లో కామెంట్ ప్యాకేజీని పిలిచి 'ఎక్స్‌క్లూడ్‌కామెంట్' అనే ఆదేశానికి వివరణ పరిసరం పేరు ఇస్తే 160 వివరణలూ ఒక్కసారిగా మాయం. ఆ వరస తీసేస్తే టీచర్ల ప్రతి తయారు. రెండు ఫైళ్లు పెట్టుకుని ఒకదాంట్లో దిద్ది ఇంకోదాంట్లో మరిచిపోయే బెడద ఉండదు. ఒక జాగ్రత్త: వివరణని ప్రశ్న లోపల, ఎంపికల పక్కన ఉంచాలి తప్ప టాస్క్స్ ఎంపికల లోపలికి దింపకూడదు. టాస్క్స్ తన లోపలిదంతా ముందే పోగేసుకుంటుంది. కామెంట్ ప్యాకేజీకేమో ఎండ్ ఆదేశం ఫైల్లో విడి వరసగా కనిపించాలి. ఈ రెండూ ఒకచోట ఇమడవు.

తెలుగు పాఠ్యపుస్తకాల వాళ్లకి కూడా ఇదే దారి. పద్యానికి వర్స్ స్టైల్‌ని, ప్రతిపదార్థానికి డిస్క్రిప్షన్ స్టైల్‌ని కాపీ చేసుకుని, రెండోదాన్ని మొదటిదాని కింద దింపుకోవచ్చు. డిస్క్రిప్షన్‌లో మొదటి మాట దానంతట అదే ముదురు అక్షరాల్లో లేబుల్ అవుతుంది. లేబుల్‌లో రెండు మాటలు రావాలంటే మధ్యలో కంట్రోల్ పట్టుకుని స్పేస్ కొట్టాలి, మామూలు స్పేస్ కొడితే రెండో మాట అర్థంలోకి జారిపోతుంది. సమాసాల ప్రతిపదార్థంలో ఈ ఒక్క కీ తెలియక ఎంతోమంది విసిగి వదిలేస్తారు.

తెలుగు అక్షరాల సంగతి క్లుప్తంగా. సెట్టింగ్స్‌లో భాష తెలుగు, ఫాంట్స్ దగ్గర నాన్‌టెక్ ఫాంట్స్ ఎంచుకోవాలి, అప్పుడు యూనికోడ్ తెలిసిన ఇంజన్లు జీటెక్‌తో గానీ లువాటెక్‌తో గానీ పీడీఎఫ్ వస్తుంది. ప్రియాంబుల్‌లో తెలుగుఫాంట్ అనే పేరుతో మండలి, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటుని 'స్క్రిప్ట్ తెలుగు' అనే గుణంతో నిర్వచించండి. ఆ గుణం లేకపోతే వత్తులు హల్లు కింద చేరకుండా పక్కన విడిగా నిలబడతాయి. లువాటెక్ అయితే రెండరర్ హార్ఫ్‌బజ్ అని కూడా చేర్చాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత సరుకు నేరుగా పనికిరాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, మార్చాక ఒకసారి కంటితో చదవాలి.

లోకల్ లేఅవుట్‌లో అంతా కుదిరాక దాన్ని మాడ్యూల్‌గా మార్చుకోండి. ఫైలు పేరు చివర 'డాట్ మాడ్యూల్', మొదటి వరసలో హ్యాష్ గుర్తుతో 'డిక్లేర్ లిక్స్ మాడ్యూల్' ప్రకటన, ఆ తర్వాత ఫార్మాట్ సంఖ్య. ఆ సంఖ్య ఊహించి వేయొద్దు. మీ లిక్స్‌తో వచ్చిన ఏదో ఒక మాడ్యూల్ తెరిచి అందులో ఉన్నదే వేయండి. సంఖ్యే లేకపోతే లిక్స్ దాన్ని ఎప్పటిదో పాత పద్ధతి ఫైలుగా భావించి మార్చబోతుంది. ఫైలు పెట్టాల్సిన చోటు హెల్ప్ మెనూలో అబౌట్ లిక్స్ తెరిస్తే 'యూజర్ డైరెక్టరీ' అని కనిపిస్తుంది, దాని లోపలి లేఅవుట్స్ ఫోల్డర్. విండోస్ నోట్‌ప్యాడ్ పేరు చివర గుట్టుగా 'డాట్ టీఎక్స్‌టీ' తగిలిస్తుంది, మాడ్యూల్ జాబితాలో కనిపించకపోతే మొదట అదే చూడండి. ఆ తర్వాత టూల్స్ మెనూలో రీకన్ఫిగర్, లిక్స్ మూసి తెరవడం, సెట్టింగ్స్‌లో మాడ్యూల్స్ దగ్గర యాడ్. ఒకసారి గుర్తించిన మాడ్యూల్‌ని దిద్దినప్పుడు ఇదంతా మళ్లీ అక్కర్లేదు. ఆల్ట్, ఎక్స్ నొక్కి 'లేఅవుట్ రీలోడ్' ఆదేశం ఇస్తే చాలు, ఇంగ్లిషులో ఆ రెండు మాటల మధ్య అడ్డగీత ఉండాలి.

మాడ్యూల్ డాక్యుమెంట్‌తో పాటు వెళ్లదు, లోకల్ లేఅవుట్ మాత్రం డాక్యుమెంట్ ఫైల్లోనే ఉండి వెంట వెళుతుంది. ఒక్క పేపరు ప్రెస్సుకి పంపేవాళ్లకి లోకల్ లేఅవుటే క్షేమం. ఏడాదంతా బుక్‌లెట్లు వేసేవాళ్లకి మాడ్యూల్ కావాలి. మాడ్యూల్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే లిక్స్ ముందే హెచ్చరిస్తుంది, అప్పుడు తోచిన స్టైల్‌లోకి మార్చి సేవ్ చేయకుండా ఫైలు వచ్చిన చోట మాడ్యూల్ అడిగి తెప్పించుకోవాలి.

మా మనవి ప్రచురణకర్తలకీ, ప్రశ్నపత్రాలు తయారు చేయించే కాలేజీల యాజమాన్యాలకీ. లెక్చరర్ల నుంచి ప్రశ్నలు అడిగేటప్పుడే ఒకే మాడ్యూల్ ఫైలు అందరికీ ఇవ్వండి. దాని పేరులో సంవత్సరం ఉంచండి, మార్పు చేసిన ప్రతిసారీ పాతది తీసేయకుండా పక్కన పెట్టండి, నిరుడు వేసిన బుక్‌లెట్‌ని తిరిగి తెరవాలంటే నిరుటి ఫైలే కావాలి. రాతప్రతి ప్రెస్సుకి వెళ్లేటప్పుడు పీడీఎఫ్, లిక్స్ ఫైలు, మాడ్యూల్, ఫాంటు నాలుగూ ఒకే ఫోల్డర్‌లో వెళ్లాలి.

ఇట్లు,
తెలుగు అక్షరకూర్పు పనిచేసే కొందరు పాఠకులు,
గవర్నరుపేట, విజయవాడ